ఫ్లోరెన్స్‌లో మూడు రోజులు: కట్టించినదెవరు, కాపాడినదెవరు



యూరప్‌లోని చారిత్రక నగరాలను చూడబోయే యాత్రికులకు ఎప్పుడూ చాలనిది సమయమే. సెలవులు కొద్ది, చూడవలసినవి అనేకం. అందువల్ల ఫ్లోరెన్స్ వంటి నగరంలో దిగినవారు చిత్రశాల నుంచి చర్చికి, చర్చి నుంచి వంతెనకు పరుగులు తీసి, ఊరు చేరిన తరువాత ఏది ఎక్కడ చూశారో పోల్చుకోలేక ఫోన్‌లోని ఫొటోలను వెతుక్కోవలసి వస్తుంది. ఆ తికమక నుంచి బయటపడే మార్గం ఒకటి ఉంది. ఎన్ని చూడాలన్న లెక్కను పక్కన పెట్టి, చూసిన ప్రతిదాని ముందు రెండే రెండు ప్రశ్నలు వేసుకోవడం. దీన్ని కట్టించినదెవరు? దీన్ని కాపాడినదెవరు? ఈ రెండు ప్రశ్నలనూ శ్రోతలు మనసులో ఉంచుకోవాలి, ఎందుకంటే ఈ ప్రసంగం మొత్తం వాటి చుట్టూనే తిరుగుతుంది.

ఫ్లోరెన్స్ ఇటలీ మధ్యభాగంలో, టస్కనీ అనే ప్రాంతంలో, ఆర్నో నది ఒడ్డున ఉంది. రోమ్ నుంచి వేగంగా నడిచే రైలులో సుమారు గంటన్నర ప్రయాణం. పాత నగరం చిన్నది కావడం, రైల్వేస్టేషను దాని అంచునే ఉండడం వల్ల, దిగిన దగ్గర నుంచి దాదాపు అన్నింటినీ కాలినడకన చూడవచ్చు. ఈ పాత నగరాన్ని యునెస్కో సంస్థ 1982లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. చరిత్రకారులు పునరుజ్జీవనం అని పిలిచే యుగం, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ విద్యలను తిరిగి వెలికితీసి, చిత్రంలోనూ శిల్పంలోనూ కట్టడంలోనూ మనిషిని కేంద్రంగా నిలిపిన యుగం, 15వ శతాబ్దంలో ఇక్కడే బలంగా వేళ్లూనింది.

ఆ వికాసాన్ని వివరించేటప్పుడు సాధారణంగా మహాకళాకారుల పేర్లు, మెదిచి అనే ధనిక కుటుంబం పేరు వినిపిస్తాయి. అవి నిజమే, కాని సగం నిజం. మిగిలిన సగం పేరు శ్రేణి. ఒకే వృత్తి చేసేవారు, ఒకే సరకు వ్యాపారం చేసేవారు కలిసి ఏర్పరచుకున్న సంఘమే శ్రేణి. సరకు నాణ్యతను పరీక్షించడం, తూనికలూ కొలతలూ సరిచూడడం, పని నేర్చుకొనేవారికి నియమాలు పెట్టడం, తగవులు తీర్చడం దాని పనులు. ఫ్లోరెన్స్‌లో ఇటువంటి శ్రేణులు ఇరవై ఒకటి ఉండేవి. వాటిలో ఏడు పెద్దవి. ఉన్ని వస్త్రాల శ్రేణి, పట్టు శ్రేణి, విదేశీ బట్టను తెప్పించి మెరుగుపెట్టి అమ్మే కాలిమాల శ్రేణి ఆ ఏడింటిలోవే. నగరం అప్పట్లో రాజు లేని గణరాజ్యం. 13వ శతాబ్దం చివరినాటికి, ఏదో ఒక శ్రేణిలో పేరు నమోదైనవారికి మాత్రమే నగర పాలనలో పదవి దక్కే ఏర్పాటు వచ్చింది. ఈ వర్తకులు 1252లో ముద్రించిన ఫ్లోరిన్ అనే బంగారు నాణెం, ఒకవైపు లిల్లీ పువ్వు, మరోవైపు నగర రక్షకుడైన యోహాను మూర్తి గల నాణెం, యూరప్ అంతటా నమ్మకంగా చెల్లింది. కట్టించినదెవరు అన్న ప్రశ్నకు ఫ్లోరెన్స్‌లో చాలాచోట్ల వచ్చే జవాబు ఈ శ్రేణులే.

మొదటి రోజును ప్రధాన చర్చి ఆవరణకు కేటాయించడం మంచిది. ఎరుపు పెంకుల గుమ్మటంతో నగరంలో దాదాపు ఎక్కడి నుంచి చూసినా కనిపించే ఈ చర్చి నిర్మాణం 1296లో మొదలైంది. తెలుపు, ఆకుపచ్చ, గులాబి రంగుల పాలరాతితో మెరిసే దాని ముందుగోడను చూసి, అదంతా మధ్యయుగానిదే అనుకోవడం యాత్రికులకు సహజం. నిజానికి ఆ ముందుగోడ పూర్తయినది 1887లో. అంటే గుమ్మటం కంటే అది నాలుగున్నర శతాబ్దాలు చిన్నది. ఈ చర్చి పనులను చూడడానికి ఒపేరా అనే ఒక నిర్మాణ సంఘం ఏర్పడింది. 1331 నుంచి దానిపై అజమాయిషీ ఉన్ని శ్రేణిది. డబ్బు లెక్కలు, కూలీల హాజరు, రాళ్ల కొనుగోలు, శిల్పులతో ఒప్పందాలు, అన్నీ వారి చిట్టాల్లోకి ఎక్కాయి.

ఆ శ్రేణికి ఒక పెద్ద చిక్కు వచ్చింది. గోడలు లేచాయి, వాటిపైన ఎనిమిది పలకల పీఠమూ లేచింది, కాని సుమారు 45 మీటర్ల వెడల్పున్న ఆ ఖాళీని కప్పడం ఎలాగో ఎవరికీ తెలియదు. కమాను గాని గుమ్మటం గాని కట్టేటప్పుడు, సున్నం గట్టిపడేవరకు బరువును మోయడానికి కింద చెక్కలతో ఒక ఆధారం నిలుపుతారు. మేస్త్రీలు దానినే సెంట్రింగ్ అంటారు. అంత ఎత్తున, అంత వెడల్పున సెంట్రింగ్ నిలపడానికి కావలసిన పొడవైన దూలాలు దొరకడమే గగనం, దొరికినా వాటి బరువుకు అవే వంగిపోతాయి. 1418లో శ్రేణి బహిరంగంగా పోటీ ప్రకటించింది. స్వర్ణకారుడిగా పని నేర్చుకున్న ఫిలిప్పో బ్రూనెల్లెస్కి, సెంట్రింగ్ అవసరమే లేకుండా గుమ్మటం కడతానని ముందుకొచ్చాడు. 1420లో మొదలైన పని 1436లో ముగిసింది.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే గుమ్మటం పైకి ఎక్కాలి. లిఫ్టు లేదు. మెట్లు 463. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు, ఇరుకు చోట్ల భయం ఉన్నవారు ఆ ప్రయత్నం మానుకోవడమే మేలు. ఎక్కగలిగినవారికి మాత్రం ఒక రహస్యం విప్పారుతుంది. గుమ్మటం ఒకటి కాదు, రెండు. లోపల మందమైనది ఒకటి, బయట పలుచనిది మరొకటి, రెండింటినీ కలుపుతూ నిలువు పక్కటెముకలు. మెట్లు ఆ రెండు పొరల మధ్య నుంచే సాగుతాయి. అక్కడ గోడలోని ఇటుకలను నిదానంగా గమనించాలి. అడ్డంగా పేర్చిన వరసల మధ్య అక్కడక్కడ నిలువుగా నిలిపిన ఇటుకలు ఏటవాలు గీతలుగా పైకి ఎక్కుతూ, ఈతచాప అల్లికలా కనిపిస్తాయి. ఆ నిలువు ఇటుకలు, కొత్తగా పేర్చిన వరస లోపలికి జారిపడకుండా, సున్నం గట్టిపడేవరకు పట్టి ఉంచాయి. ప్రతి వరసా పూర్తికాగానే ఒక కట్టువలె బిగుసుకొని తరువాతి వరసను మోసింది. కట్టడం తనకు తానే ఆధారమైంది. పైకి రాళ్లు చేర్చడానికి ఎద్దులు తిప్పే యంత్రాన్ని కూడా బ్రూనెల్లెస్కే రూపొందించాడు. ఎద్దులు ఒకే దిశలో తిరుగుతుండగా, పళ్లచక్రాన్ని మార్చి బరువును పైకీ కిందికీ పంపగల యంత్రం అది.

కట్టించినదెవరు? ఉన్ని శ్రేణి. కాపాడినదెవరు? 1296లో మొదలైన ఆ ఒపేరా సంఘమే ఈనాటికీ చర్చి మరమ్మతులను, దాని మ్యూజియాన్ని చూసుకొంటోంది. శ్రోతలు గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. కళాకారుడు పదహారేళ్లు పనిచేశాడు. సంస్థ ఏడు వందల ఏళ్లు దాటి పనిచేస్తోంది.

చర్చికి ఎదురుగా ఎనిమిది పలకల జ్ఞానస్నాన మందిరం ఉంది. శిశువులకు క్రైస్తవ దీక్ష ఇచ్చే ఈ మందిరం బాధ్యత కాలిమాల శ్రేణిది. దాని కంచు తలుపుల కోసం ఆ శ్రేణి 1401లో పోటీ పెట్టింది. అబ్రహాము తన కుమారుడు ఇస్సాకును బలి ఇవ్వబోయే బైబిలు ఘట్టాన్ని ఒక కంచు పలక మీద ఉబ్బెత్తుగా మలచాలన్నది పరీక్ష. పోటీలో లోరెంజో గిబెర్టి గెలిచాడు, తరువాత గుమ్మటం కట్టిన బ్రూనెల్లెస్కి ఓడిపోయాడు. అదృష్టవశాత్తు వారిద్దరి పలకలూ నిలిచి ఉన్నాయి. చర్చికి కొద్ది దూరంలోని బార్జెల్లో మ్యూజియంలో వాటిని ఒకే గదిలో చూడవచ్చు. బ్రూనెల్లెస్కి పలకలో తండ్రి చేయి కొడుకు గొంతు దాకా వచ్చేసింది, దేవదూత ఆ మణికట్టును గట్టిగా పట్టుకొని ఆపుతున్నాడు. గిబెర్టి పలకలో కత్తి ఇంకా గాలిలోనే ఉంది, బాలుడి శరీరం గ్రీకు శిల్పంలా నిండుగా, నునుపుగా ఉంది. ఏది గొప్పదన్న వాదం ఈనాటికీ తెగలేదు. అయితే వర్తకులు గమనించి ఉండవలసిన తేడా మరొకటి ఉంది. బ్రూనెల్లెస్కి తన బొమ్మలను విడివిడిగా పోతపోసి పలకకు బిగించాడు. గిబెర్టి దాదాపు మొత్తాన్ని ఒకే పోతగా, లోపల గుల్లగా పోశాడు. అందువల్ల అతని పలక తేలికైనది, కంచు ఖర్చు తక్కువ. కళను అంచనా కట్టినవారు తూకం తెలిసినవారు కూడా. ఆ తరువాత గిబెర్టి చేసిన మరో జత బంగారుపూత తలుపులు, 1452లో పూర్తయినవి, ఈనాడు చర్చి మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మందిరానికి ఉన్నవి నకళ్లు.

ఇక రెండవ రోజు. ఉదయాన్నే ఓర్సాన్‌మికేలె అనే కట్టడం దగ్గర నడక ప్రారంభించాలి. ఇది ఒకప్పుడు ధాన్యం అమ్మే అంగడి, తరువాత చర్చిగా మారింది. దాని వెలుపలి గోడల చుట్టూ పధ్నాలుగు కోష్ఠాలు, అంటే విగ్రహాలు నిలిపే గూళ్లు ఉన్నాయి. వాటిని శ్రేణులు పంచుకొని, ఒక్కొక్కటి తన వృత్తికి రక్షకుడైన సాధువు విగ్రహాన్ని నిలపాలని నిశ్చయమైంది. నగరం నడిబొడ్డున, అందరి కళ్ల ముందు, పక్కపక్కనే. పోటీ ఎంత ఉండేదో ఊహించవచ్చు. కవచాలు చేసేవారు డొనాటెల్లో చేత జార్జి సాధువును చెక్కించారు. కాలిమాల వర్తకులు తమ స్థాయికి రాయి చాలదని గిబెర్టి చేత కంచు విగ్రహం పోతపోయించారు. రాతిపనివారూ వడ్రంగులూ కలిసిన శ్రేణి నాన్ని ది బాంకో అనే శిల్పి చేత నలుగురు సాధువులను ఒకే గూటిలో చెక్కించింది. యాత్రికులు ఆ నలుగురిని చూసి కదిలిపోకుండా, వారి పాదాల కింద ఉన్న చిన్న పలకను చూడాలి. అందులో ఒకడు గోడ కడుతున్నాడు, ఒకడు బర్మాతో రాతిని తొలుస్తున్నాడు, ఒకడు కొలత తీస్తున్నాడు, మరొకడు ఒక బాలుడి బొమ్మను చెక్కుతున్నాడు. విగ్రహం పైన సాధువులు, కింద పనివారు. డబ్బు పెట్టిన శ్రేణి తన పనిని తానే రాతిలో చెక్కించుకొంది. మూల విగ్రహాలను ఎండావానల నుంచి తప్పించి మ్యూజియాలకు చేర్చారు. కాపాడడం అంటే కొన్నిసార్లు చోటు మార్చడం కూడా.

అక్కడి నుంచి కొన్ని నిమిషాల నడకలో నగర ప్రభుత్వ భవనమైన పాలాత్సో వెక్కియో, దాని ముందరి విశాలమైన కూడలి వస్తాయి. ఆ భవనం గుమ్మం దగ్గర మైకెలాంజెలో చెక్కిన దావీదు విగ్రహానికి నకలు కనిపిస్తుంది. అసలు విగ్రహం చరిత్ర మన రెండు ప్రశ్నలకూ చక్కని ఉదాహరణ. చర్చి కోసం తెచ్చిన ఒక పెద్ద పాలరాతి దిమ్మ, ఇద్దరు శిల్పుల చేతుల్లో పడి చెడి, దశాబ్దాలపాటు ఒపేరా ఆవరణలో పనికిరాకుండా పడి ఉంది. 1501లో ఉన్ని శ్రేణి పెద్దలూ ఒపేరావారూ దానిని ఇరవై ఆరేళ్ల మైకెలాంజెలోకు అప్పగించారు. 1504లో అయిదు మీటర్లు దాటిన ఆ విగ్రహం పూర్తయింది. దానిని చర్చి పైన నిలపాలా, మరెక్కడైనా నిలపాలా అని నిర్ణయించడానికి కూర్చున్న కళాకారుల సభలో లియొనార్డో దా వించి, బొత్తిచెల్లి కూడా ఉన్నారు. చివరికి ప్రభుత్వ భవనం ముందే నిలిపారు. 1527 అల్లర్లలో భవనం పైనుంచి విసిరిన బల్ల తగిలి దావీదు ఎడమచేయి విరిగింది. ముక్కలను ఏరి దాచింది తానూ తన స్నేహితుడూ అని, అప్పటికి కుర్రవాడైన జోర్జో వసారి తరువాతి కాలంలో రాసుకున్నాడు. 1873లో అసలు విగ్రహాన్ని అకాదెమియా చిత్రశాలకు తరలించారు. దాని ఎడమచేతిలో ఆ అతుకుల జాడలు ఈనాటికీ ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. శ్రేణులను పొగడడం సులభం, కాని అవి అందరివీ కావు. ఉన్నిని ఏకేవారు, కడిగేవారు, దువ్వేవారు, అంటే ఆ సంపదకు మూలమైన కూలీలు, చొంపీలు అనే పేరుతో పిలవబడేవారు, వారికి శ్రేణి పెట్టుకొనే హక్కు లేదు. హక్కు లేదు కనుక పాలనలో గొంతూ లేదు. 1378 వేసవిలో వారు తిరగబడి, ఈ ప్రభుత్వ భవనాన్నే ఆక్రమించి, తమకంటూ శ్రేణిని సాధించుకున్నారు. కొద్ది వారాలకే వారి శ్రేణిని రద్దుచేశారు. కట్టించినదెవరు అన్న ప్రశ్నకు చిట్టాల్లో ఉన్న జవాబు ఉన్ని శ్రేణి. ఆ డబ్బు పుట్టినది మాత్రం చిట్టా కెక్కినా శ్రేణి కెక్కని చేతుల కష్టంలో. గుమ్మటం అందాన్ని మెచ్చుకొనే యాత్రికుడు ఈ రెండవ జవాబును కూడా మరవకూడదు.

కూడలి దాటితే నది. నది మీద, అంగళ్లను మోస్తూ నిలిచిన పొంతె వెక్కియో వంతెన. 1333 నవంబరు 4న వచ్చిన వరద పాత వంతెనను కొట్టుకుపోగా, 1345లో దీనిని మళ్లీ కట్టారు. ఒకప్పుడు దాని మీద మాంసపు అంగళ్లు కూడా ఉండేవి. 1593లో నగరపాలకుడైన ఫెర్దినాందో మెదిచి ఆ అంగళ్లను తీసివేయించి, కంసాలులకు చోటిచ్చాడు. ఈనాటికీ అక్కడ నగల దుకాణాలే. 1944 ఆగస్టులో, రెండవ ప్రపంచ యుద్ధంలో వెనుదిరుగుతున్న జర్మను సైన్యం నగరంలోని వంతెనలన్నింటినీ పేల్చివేసి, దీనిని ఒక్కదానిని వదిలింది. దీని రెండు కొసల దగ్గరి ఇళ్లను మాత్రం కూల్చి దారి మూసింది.

యాత్రికులంతా గుమిగూడేది ఈ వంతెన మీదే. అయితే కాపాడినదెవరు అన్న ప్రశ్న పట్టుకొన్నవారు దాని పక్కనున్న సాంతా త్రీనితా వంతెన మీదికి వెళ్లాలి. 16వ శతాబ్దంలో అమ్మన్నాతి కట్టిన ఆ సొగసైన మూడు కమానుల వంతెన 1944లో ముక్కలైంది. సులువుగా కొత్త కాంక్రీటు వంతెన కట్టవచ్చు. నగరం అందుకు ఒప్పుకోలేదు. నది అడుగు నుంచి పాత రాళ్లను వెలికితీసి, చాలని రాయి కోసం పాత గనిని తిరిగి తెరిచి, 1958 నాటికి అదే రూపంలో వంతెనను నిలిపారు. దాని నాలుగు మూలల్లో నాలుగు ఋతువుల విగ్రహాలున్నాయి. వసంత ఋతువు విగ్రహానికి తల దొరకలేదు. తల లేకుండానే నిలిపారు. 1961లో నది అడుగున ఆ తల దొరికింది, మళ్లీ అతికించారు. మెడ దగ్గర అతుకును శ్రద్ధగా చూస్తే గుర్తించవచ్చు. ఆ వంతెన మీద నిలబడితే పొంతె వెక్కియో కూడా నిండుగా కనబడుతుంది.

మూడవ రోజు చూడవలసిన మొదటి చోటికి జనం తక్కువగా వస్తారు. దాని పేరు ఒస్పెదాలె దెలి ఇన్నొచెంతి, విడిచిపెట్టిన శిశువుల శరణాలయం. పట్టు శ్రేణి డబ్బుతో, గుమ్మటం కట్టిన బ్రూనెల్లెస్కి గీసిన నమూనాతో 1419లో పని మొదలై, 1445లో తొలి శిశువును చేర్చుకొంది. సన్నని స్తంభాల మీద గుండ్రని కమానులతో తీర్చిన దాని వసారా, పునరుజ్జీవన కట్టడాల్లో తొలివాటిలో ఒకటిగా పేరుపొందింది. కమానుల నడుమ నీలిరంగు గుండ్రని పలకల్లో, పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిపాపల బొమ్మలు ఉంటాయి. ఆంద్రెయా దెల్లా రొబ్బియా కాల్చిన మట్టితో చేసి మెరుగుపూత పూసినవి అవి. లోపలి మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులు ఉన్నాయి. వాటిలో, బిడ్డలతో పాటు తల్లులు విడిచివెళ్లిన 19వ శతాబ్దపు గుర్తులు, సగానికి విరిచిన పతకాలు, పూసలు వంటివి దాచారు. ఏనాడైనా తిరిగి వచ్చి బిడ్డను అడిగితే, రెండో సగం చూపి తల్లినని నిరూపించుకోవడానికి. ఈ సంస్థ ఈనాటికీ బాలల సంక్షేమం కోసం పనిచేస్తోంది, బాలల మీద యునిసెఫ్ జరిపే పరిశోధనల కేంద్రం కూడా ఈ ప్రాంగణంలోనే వెలసింది. కట్టించినదెవరు, కాపాడినదెవరు అన్న రెండు ప్రశ్నలకూ ఇక్కడ మూడవ అర్థం తోస్తుంది. ఈ కట్టడం కాపాడబడినదే కాదు, కాపాడినది కూడా.

తరువాత సాంతా క్రోచె చర్చి. మైకెలాంజెలో, గెలీలియో, మాకియవెల్లి సమాధులు ఇక్కడే ఉన్నాయి. అయితే ఈ పేట పేరు చెప్పగానే ఫ్లోరెన్స్ వాసులకు గుర్తొచ్చేది 1966 నవంబరు 4. ఆర్నో నది పొంగి నగరంలోకి దూసుకొచ్చింది. అంతకు ఆరువందల ముప్పై మూడేళ్ల ముందు పాత వంతెనను కొట్టుకుపోయిన వరద వచ్చినదీ అదే తేదీన. నీటితో పాటు ఇళ్లను వేడిచేసే చమురూ బురదా కలిసి చర్చిలోకి, గ్రంథాలయాల్లోకి చేరాయి. సాంతా క్రోచెలోని చిమబూయె చిత్రించిన 13వ శతాబ్దపు పెద్ద సిలువ చిత్రం రంగులో పెద్ద భాగాన్ని కోల్పోయింది. గిబెర్టి బంగారు తలుపుల నుంచి అయిదు పలకలు ఊడిపోయాయి. అప్పుడు ఇటలీ నుంచీ ఇతర దేశాల నుంచీ యువతీయువకులు వందలుగా వచ్చి, బారులు తీరి నిలబడి, జాతీయ గ్రంథాలయం నేలమాళిగ నుంచి తడిసిన పుస్తకాలను చేతులు మార్చుకొంటూ పైకి చేర్చారు. జనం వారిని బురద దేవదూతలు అని పిలిచారు. వసారి చిత్రించిన చివరి విందు అనే చెక్కపలకల చిత్రం, గంటలకొద్దీ నీటిలో నానినది, బాగై తన చోటికి చేరడానికి యాభై ఏళ్లు పట్టింది. 2016లో అది తిరిగి సాంతా క్రోచెలో నిలిచింది. దానిని బాగుచేసిన సంస్థ మూలం, 1588లో మెదిచి పాలకుడు విలువైన రాళ్లు పొదిగే పని కోసం స్థాపించిన కర్మశాల. నగరంలోని గోడల మీద, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూపే పలకలు చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిలో కొన్ని మనిషి తలకంటే ఎంతో పైన ఉంటాయి.

చివరిగా ఉఫ్ఫీజి చిత్రశాల. 1560లో ప్రభుత్వ కార్యాలయాల కోసం మొదలైన ఈ భవనంలో మెదిచి కుటుంబం తన చిత్రసంపదను చేర్చింది. ఆ సంపద ఫ్లోరెన్స్‌లోనే ఎందుకు ఉంది అన్నది వేసుకోదగిన ప్రశ్న. 1737లో మెదిచి వంశంలో చివరి పాలకుడు సంతానం లేకుండా మరణించాడు. రాజ్యం ఆస్ట్రియా రాజవంశంతో వియ్యమందిన లొరేన్ ప్రభువుల చేతికి వెళ్లింది. అటువంటి సందర్భాల్లో కళాఖండాలు కొత్త యజమాని రాజధానికి బండ్లెక్కడం మామూలే. వంశంలో మిగిలిన అన్నా మరియా లూయీసా అనే మహిళ ఆ సంవత్సరమే కొత్త పాలకుడితో ఒక ఒప్పందం రాయించుకొంది. చిత్రాలు, శిల్పాలు, గ్రంథాలు, నగలు అన్నీ రాజ్యానికే ఇస్తుంది. షరతు ఒక్కటే. వాటిలో ఏదీ నగరం దాటి పోరాదు, అవి ప్రజల ఉపయోగానికీ విదేశీయుల కుతూహలానికీ అందుబాటులో ఉండాలి. నెపోలియన్ కాలంలో కొన్ని పారిస్ చేరి తిరిగి వచ్చినా, ఆ ఒప్పందం మొత్తం మీద నిలిచింది. 1769లో చిత్రశాలను ప్రజలకు తెరిచారు. ఉఫ్ఫీజి గుమ్మం ముందు బారులో నిలబడే ప్రతి యాత్రికుడూ, ఆ షరతులోని విదేశీయుడే.

భారతదేశానికి, అందులో తెలుగువారికి ఈ నగరంతో సంబంధం లేకపోలేదు. దేవరాయల కాలపు విజయనగరాన్ని చూసిన నికొలో కోంతి అనే వెనిస్ ప్రాంతపు వర్తకుడు, స్వదేశం చేరిన తరువాత, పోపు ఫ్లోరెన్స్‌లో విడిది చేసి ఉన్న రోజుల్లో, పోపు కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీనికి తన యాత్రను వివరించాడు. పోజ్జో దానిని లాటిన్‌లో రాశాడు. యూరప్ పండితులు విజయనగరం గురించి చదివిన తొలి వివరాల్లో అది ఒకటి. మరొకటి విషాదకరమైన బంధం. 1870లో కొల్హాపూర్ మహారాజైన రాజారామ్ ఇంగ్లండు నుంచి తిరిగివస్తూ ఫ్లోరెన్స్‌లో మరణించాడు. హిందూ ఆచారం ప్రకారం రెండు నదుల సంగమస్థలం కావాలన్నారు. ఆర్నోలో మున్యోనె వాగు కలిసేచోట, కాషీనె ఉద్యానం చివర, నగర అధికారుల అనుమతితో దహనం జరిగింది. అక్కడ గొడుగు వంటి మండపం కింద ఆయన విగ్రహం ఈనాటికీ ఉంది. పక్కనున్న వంతెనను నగరం భారతీయుడి వంతెన అని పిలుస్తుంది.

ప్రయాణానికి పనికివచ్చే మాటలు కొన్ని. గుమ్మటానికి, ఉఫ్ఫీజికి, అకాదెమియాకు సమయం నిర్ణయించిన టికెట్లను ముందుగానే తీసుకోవాలి. ఆ రెండు చిత్రశాలలకూ సోమవారం సెలవు. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకొనే దుస్తులు ఉండాలి. శాకాహారులు ఇబ్బంది పడనక్కరలేదు. పాత రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర కలిపి మళ్లీ మళ్లీ వేడిచేసి వండే రిబొల్లీతా అనే చిక్కని సూపు అక్కడి సామాన్యుల వంట. అయినా మాంసపు ఉడుకునీరు కలిపారేమో అడిగి తెలుసుకోవాలి. అక్కడి రొట్టెలో ఉప్పు వేయరు, అది లోపం కాదు, ఆ ప్రాంతపు ఆనవాయితీ.

ఈ మూడు రోజులు కూడా దొరకక, ఒకే రోజు చేతిలో ఉన్న యాత్రికులు ఏం చేయాలి? ఉఫ్ఫీజిని వదిలివేయడమే సరైన నిర్ణయం. ఆ మాట కొందరికి అపచారంగా తోచవచ్చు. కాని పరుగుల మీద చూసిన వంద చిత్రాలు మనసులో నిలవవు. ఉదయం బార్జెల్లోలో పోటీ పలకలు రెండూ, తరువాత ప్రధాన చర్చి, మధ్యాహ్నం శిశు శరణాలయం, సాయంత్రం సాంతా త్రీనితా వంతెన. ఈ నాలుగూ చాలు. పోటీ పెట్టి పనివాణ్ని ఎంచుకోవడం, తరాల తరబడి లెక్క తప్పకుండా కట్టడం, దిక్కులేనివారికి అంతే అందమైన ఇల్లు కట్టడం, కూలినదాన్ని రాయి రాయీ ఏరి నిలబెట్టడం, ఈ నాలుగు పనుల్లో ఫ్లోరెన్స్ మొత్తం ఇమిడి ఉంది. చిత్రశాల మరో ప్రయాణానికి ఉండనే ఉంటుంది, ఎక్కడికీ పోకూడదని అన్నా మరియా లూయీసా 1737లోనే రాయించి పెట్టింది.